గంటలో ఏరు చూపించేవాళ్ళతో మా తగాదా

ఈ పేజీలో మామూలుగా పాత ఫోటోలు, ఇంటి వంటలు, యానాం రేవు కబుర్లు రాస్తుంటాం. ఈసారి మాత్రం తగాదా పెట్టుకోవడానికే కూర్చున్నాం. వేసవి సెలవులు దగ్గరకొస్తున్నాయి. బళ్ళారిలో, బరంపురంలో, హోసూరులో, నాందేడ్‌లో ఉన్న మన చుట్టాలూ స్నేహితులూ వరసగా ఫోన్లు చేసి, "యూరప్ టూరు బుక్ చేశాం, అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్తున్నాం, రైన్ నది మీద క్రూజు కూడా ఉంది" అంటున్నారు. సంతోషం. ఆ క్రూజు ఎంతసేపండీ అని అడిగితే మాత్రం ఒక్కరూ చెప్పలేకపోతున్నారు. మేము చెబుతాం వినండి. గంట. ఆ గంటలోనే భోజనం కూడా పెట్టేస్తారు కాబట్టి ఏటిని చూసేది పావుగంట.

మా మాట ఇదీ. పరాయి దేశం వెళ్ళి ఏటి మీద తిరగాలనుకుంటే దానికి ఒక రోజంతా ఇవ్వండి. ఇవ్వలేకపోతే ఆ కార్యక్రమం కొట్టేసి, ఆ గంట పెద్దవాళ్ళని హోటల్లో పడుకోనివ్వండి. రెండూ కాని పని చెయ్యకండి. మేము చేశాం, ఇప్పటికీ బాధపడుతున్నాం.

2018 మే నెలలో మేము ఏడుగురం వెళ్ళాం. తాతగారికి అప్పుడు డెబ్బై ఆరు. పదకొండు రోజులు, ఏడు దేశాలు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే అన్ని కంపెనీల కాగితాలూ మేము తర్వాత తెప్పించి చూశాం, ఏ కాగితం చూసినా అదే వరస. కుకూ గడియారాల దుకాణానికి గంటన్నర, ఏటికి గంట. బస్సు మమ్మల్ని బొప్పార్ట్ అనే ఊళ్ళో దింపింది. పడవ ఎక్కగానే గైడు అందరినీ కింది అంతస్తుకి తోలాడు. పప్పూ అన్నం పొట్లాలు అక్కడే ఇస్తారట. తాతగారు మెట్లు దిగి, మూలనున్న బల్ల దగ్గర కూర్చుని, మెల్లగా తిన్నారు. ఆయన ఏదైనా మెల్లగానే తింటారు. చెయ్యి కడుక్కునేసరికి సాంక్ట్ గోఆర్ వచ్చేసింది, దిగండి దిగండి అన్నారు. మళ్ళీ బస్సు. బస్సు ఊరు దాటాక తాతగారు మావైపు తిరిగి అడిగారు: "ఏరెప్పుడొస్తుందిరా?"

అయిపోయింది తాతగారూ, ఇందాక భోజనం చేసింది ఏటి మీదే అని చెప్పడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు. చివరికి మామ్మే చెప్పింది. ఆయన "ఓహో" అని కిటికీ వైపు తిరిగారు. అంతే, ఇంకేం అనలేదు.

ఆయన ఎవరో తెలిస్తేగానీ మా కోపం మీకు అర్థం కాదు. ఆయన తండ్రి, అంటే మా ముత్తాత, ఫ్రెంచివాళ్ళ కాలంలో యానాం రేవులో పంటు మీద సరంగు. తాతగారు నడక నేర్చుకున్నది ఆ రేవు మెట్ల మీదే. మామ్మ పుట్టిల్లు గౌతమికి అవతలి ఒడ్డున, ఎదుర్లంక వైపు. పెళ్ళివారు పంటు మీదే వచ్చారు, పంటు మీదే వెళ్ళారు. 2002లో వంతెన పడేదాకా మా ఇంట్లో ఏ శుభకార్యమైనా, ఏ కబురైనా ఏరు దాటి రావలసిందే. పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు అనేది ఆయన నీళ్ళ రంగు చూసి చెప్పేవారు. అలాంటి మనిషిని ఏడు వేల కిలోమీటర్లు తీసుకెళ్ళి, ఇంకో దేశపు ఏటి మీద కూర్చోబెట్టి, ఆ సంగతి ఆయనకే తెలియకుండా దింపేశాం. మరుసటి ఏడాది శ్రావణంలో ఆయన పోయారు. ఇంకోసారి చూపిద్దాంలే అనుకున్నది చూపించలేకపోయాం.

తప్పు ముందు మాదే. కాగితం మీద సంతకం పెట్టినప్పుడు మేము లెక్కపెట్టినవి దేశాలు. ఏడు దేశాలంటే బంధువులకి చెప్పుకోవడానికి బావుంటుందని మాకూ ఉంది. టూరు కంపెనీ మనం అడిగిందే అమ్ముతుంది. మనం అడగడం మార్చుకోవాలి, అందుకే ఈ రాత.

మాతో వాదించినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళు అన్నవాటికి ఒక్కొక్కదానికీ జవాబు చెబుతాం.

మొదటి మాట, "టైము లేదండీ, గంటలో ముఖ్యమైనదంతా చూపిస్తారు గదా." చూపించరు. రైన్ లోయలో అందరూ చెప్పుకునే భాగం బింగెన్, రూడెస్‌హైమ్ ఊళ్ళ దగ్గర మొదలై కోబ్లెంజ్ దాకా దాదాపు 65 కిలోమీటర్లు. 2002లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది ఈ ముక్కనే. కొండల మీద నలభై దాకా కోటలు, ఒడ్డున అరవై దాకా చిన్న ఊళ్ళు. మమ్మల్ని తిప్పిన బొప్పార్ట్, సాంక్ట్ గోఆర్ ఊళ్ళ మధ్య దూరం అందులో పద్నాలుగు కిలోమీటర్ల ప్రాంతమే. లోరెలై రాయి పేరు ఆ టూరు కాగితంలో పెద్ద అక్షరాలతో వేశారు. 132 మీటర్ల ఎత్తున నిటారుగా లేచే బండ అది. హైన్‌రిష్ హైనె 1824లో దాని మీద రాసిన గేయం జర్మనీలో పిల్లలకి కూడా వచ్చు. ఆ బండ సాంక్ట్ గోఆర్‌కి ఎగువన ఉంది. మమ్మల్ని దాని ముందే దించేశారు! పడవ మీదనుంచి ఆ బండని మేము చూడనే లేదు.

రెండో మాట, "పెద్దవాళ్ళు తిరగలేరు, బస్సయితే సుఖం." ఇది చెప్పేవాళ్ళు పెద్దవాళ్ళని అడగరు. పదకొండు రోజులు తెల్లారి ఆరింటికి పెట్టెలు సర్దించి, రోజూ ఒక కొత్త మంచం మీద పడుకోబెట్టడం సుఖమా? పడవలో మనిషి నడవక్కర్లేదు. కుర్చీలో కూర్చుంటే ఊళ్ళే వచ్చి పోతుంటాయి. మరుగుదొడ్డి దగ్గరే ఉంటుంది, కాఫీ దొరుకుతుంది, ఎండ ఎక్కువైతే లోపలికెళ్ళి కూర్చోవచ్చు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఇంతకంటే అనువైన రోజు ఆ దేశంలో మరొకటి ఉండదు.

మూడో మాట కాస్త బరువైనది. "మన గోదావరి లేదా? నీళ్ళు చూడ్డానికి యూరోలు తగలెయ్యాలా?" ఇది అన్నది మా ఇంట్లోవాళ్ళే. దీనికి జవాబు తాతగారి వైపునుంచి చెప్పాలి. ఏటి దగ్గర పుట్టినవాడికి ఇంకో ఏరు చూడాలని ఉంటుంది. వడ్రంగి ఊరుకెళ్తే అక్కడి తలుపుల్ని తడిమి చూస్తాడు గదా, అలాగ. అక్కడ పడవ ఎలా తిప్పుతారు, రేవు ఎలా కట్టారు, వరదొస్తే ఏం చేస్తారు అని చూడాలనుంటుంది. గోదావరి ఉన్నవాడికే రైన్‌లో చూసేది ఎక్కువ.

ఏం చూస్తాడో రాస్తాం, ఎందుకంటే ఇవేవీ టూరు గైడు మాకు చెప్పలేదు. 2023లో మామ్మని తీసుకుని మళ్ళీ వెళ్ళినప్పుడు మేమే కనుక్కున్నవి ఇవి.

ఒకటి, బింగెన్ నుంచి కోబ్లెంజ్ దాకా ఆ ఏటి మీద ఒక్క వంతెన కూడా లేదు. అంత డబ్బున్న దేశంలో, రెండు ఒడ్డుల ఊళ్ళవాళ్ళూ ఇప్పటికీ పంటు మీదే దాటుతున్నారు. కార్లు, సైకిళ్ళు, సంచులు పట్టుకున్న ముసలివాళ్ళు, అందరూ. సాంక్ట్ గోఆర్ నుంచి అవతల సాంక్ట్ గోఆర్స్‌హౌజెన్‌కి పంటు ఎక్కితే నిమిషాల్లో దాటేస్తుంది. మామ్మ ఆ పంటు మీద ఇనప కమ్మీ పట్టుకుని నిలబడి, "మీ తాతగారు ఇక్కడే ఉండిపోయేవారర్రా" అంది. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మళ్ళీ ఎక్కించాం. కోటలకంటే ఆవిడకి అదే నచ్చింది.

రెండు, ఒడ్డున తెల్ల పలకల మీద పెద్ద పెద్ద అంకెలు కనిపిస్తాయి. కాన్‌స్టాన్స్ ఊళ్ళోని వంతెన దగ్గర సున్నా అని మొదలుపెట్టి ఏటి పొడుగునా కిలోమీటర్లు వేసుకుంటూ వచ్చారు. కౌబ్ దగ్గర 546, లోరెలై దగ్గర 554, కోబ్లెంజ్‌లో మోజెల్ ఏరు వచ్చి కలిసేచోట 592. పిల్లలకి ఒక కాగితం ఇచ్చి అంకెలు రాసుకోమంటే ఫోన్ అడగరు. మేము చేయించి చూశాం.

మూడు, లోరెలై దగ్గర ఏరు ఇరుకు, మలుపు తిరుగుతుంది, ఎదురొచ్చే ఓడ కనిపించదు. అందుకని ఒడ్డున దీపాల గుర్తులు పెట్టారు. పైకి వెళ్ళే ఓడకి కిందికి ఏదైనా ఓడ వస్తున్నదీ లేనిదీ ఆ దీపాలు చెబుతాయి. పూర్వం ఆ పని జెండాలు పట్టుకున్న మనుషులు చేసేవారు. కౌబ్ ఊరివాళ్ళయితే తరతరాలుగా రాళ్ళ మధ్య ఓడలకి దారి చూపించిన పైలట్లు. మన రేవులో ఇసక తిప్పలు ఏ నెల ఎక్కడికి జరిగాయో సరంగుకి తెలిసినట్టు, అక్కడ వాళ్ళకి రాళ్ళు తెలుసు.

నాలుగు, కౌబ్ దగ్గర ఏటి మధ్య లంక మీద ఓడ ఆకారంలో ఒక తెల్ల కోట ఉంది, పేరు ఫాల్స్‌గ్రాఫెన్‌స్టైన్. 1327 ప్రాంతంలో కట్టారు. దాని పని సుంకం వసూలు. ఆ కొండల మీది కోటల్లో చాలావాటి కథ ఇదే, కిందనుంచి పోయే సరుకు మీద డబ్బు గుంజడం. కోట అనగానే రాజకుమార్తె అని పిల్లలకి చెప్పే బదులు టోల్‌గేటు అని చెప్పండి, వెంటనే అర్థమవుతుంది. సాంక్ట్ గోఆర్ మీదున్న రైన్‌ఫెల్స్ కోట ఎందుకు శిథిలమైందో అడిగితే, 1797లో ఫ్రెంచి సైన్యం పేల్చేసిందన్నారు. యానాం వాళ్ళం గదా, మాకు ఫ్రెంచివాళ్ళ పేరు వినపడగానే చుట్టాల సంగతి విన్నట్టు ఉంటుంది. నవ్వుకున్నాం.

ఇవన్నీ గంటలో చెప్పగలరా? చెప్పినా, అన్నం తింటూ వినగలమా?

నాలుగో మాట భయం గురించి. ఇది కొట్టిపారేసేది కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచి మునిగి పదులకొద్దీ ప్రాణాలు పోయాక మా ఇంట్లో పడవ మాటే ఎత్తలేదు. మామ్మయితే గట్టున నిలబడి చూడ్డానికి కూడా ఒప్పుకునేది కాదు. ఆవిడని మళ్ళీ పడవ ఎక్కించే ముందు మేము అడిగి తెలుసుకున్నది ఇది: రైన్‌లో నీటి మట్టానికి గీతలు పెట్టి ఉన్నాయి, వరద రెండో గీత దాటితే ఆ భాగంలో ఓడలు ఆపేస్తారు. ఎవరో పెద్దమనిషి టికెట్లు కొనేశాడని బయల్దేరదు. ఈ మాట చెప్పాకే మామ్మ సరే అంది. మీరూ పెద్దవాళ్ళకి చెప్పండి, చెప్పకుండా లాక్కెళ్ళకండి. ఇక్కడ పాపికొండలకి వెళ్ళేటప్పుడు కూడా ఇదే ప్రశ్న అడగడం అలవాటు చేసుకోండి. ఇవాళ నీళ్ళెంత, ఎంతమంది ఎక్కారు, జాకెట్లు అందరికీ ఉన్నాయా అని. అడిగితే చిన్నతనం కాదు.

ఇంకో జబ్బు గురించి కూడా చెప్పాలి. వెళ్ళొచ్చినవాళ్ళు, "అబ్బ, వాళ్ళ ఏరు చూడు, మన ఏరు చూడు" అని మొదలుపెడతారు. వాళ్ళ ఏరు పుట్టుకతో శుభ్రంగా లేదు. 1986 నవంబరు 1న స్విట్జర్లాండులో బాజెల్ దగ్గర రసాయనాల గిడ్డంగి తగలబడింది. ఆర్పడానికి కొట్టిన నీళ్ళు రసాయనాలతో సహా రైన్‌లో కలిసి ఏరు ఎర్రబడింది, చేపలు గుట్టలుగా చచ్చాయి. ఆ సిగ్గుతో ఒడ్డు దేశాలన్నీ కూర్చుని మరుసటి ఏడాది ఒక కార్యక్రమం పెట్టుకున్నాయి. కనుమరుగైన సాల్మన్ చేప మళ్ళీ ఎగువకి ఈదాలని ఆనకట్టల దగ్గర చేపలదారులు కట్టారు. ఇఫెత్స్‌హైమ్ దగ్గరది 2000లో తెరిచారు. సముద్రం నుంచి వరదనీళ్ళకి ఎదురీదే పులస కోసం ఎదురుచూసే మనకి ఈ సంగతి ఇంకొకరు విడమరిచి చెప్పాలా? పడవలో కూర్చుని పోల్చుకోవాలనుకుంటే శుభ్రాన్ని కాదు, ఆ పనిని పోల్చండి.

సరే, తగాదా అయింది. ఇప్పుడు ఆ రోజు ఎలా పెట్టుకోవాలో చెబుతాం. ఇది మేము చేసిన పద్ధతి.

ముందు దేశాల సంఖ్య తగ్గించండి. 2023లో మేము రెండే దేశాలు చూశాం. 1962లో ఫ్రెంచి జాతీయత ఉంచుకున్న మా చిన్నతాతగారి మనవడు స్ట్రాస్‌బర్గ్‌లో ఉంటాడు, నాలుగు రోజులు వాళ్ళింట్లో, రెండు రాత్రులు మైంజ్‌లో. మైంజ్ నుంచి రైల్లో బింగెన్ వెళ్ళడం తేలిక. పడవలు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా బాగా తిరుగుతాయి కాబట్టి మన వేసవి సెలవులకి సరిపోతుంది. మే నెలలో రాత్రి తొమ్మిది దాకా వెలుతురుంటుంది, తిరిగి రావడానికి కంగారు అక్కర్లేదు.

టూరువాళ్ళు అద్దెకు తీసుకునే పడవ వద్దు. వేళ ప్రకారం ఊరూరా ఆగుతూ పోయే సర్వీసు పడవ ఎక్కండి. కేడీ అని పిలిచే కంపెనీ మూలాలు 1826 నాటివి, ఇలాంటి కంపెనీలు ఇంకా ఉన్నాయి. మధ్యలో దిగి తర్వాతి పడవ ఎక్కనిస్తారా అని టికెట్ కొనేటప్పుడే అడగండి. పెద్దవాళ్ళకి లిఫ్టు ఉన్న పడవ ఏదో కూడా అప్పుడే అడగండి.

ఏ దిక్కుకి వెళ్ళాలి అన్నది ముఖ్యం. ప్రవాహం గట్టిది. దిగువకి పోతే బింగెన్ నుంచి సాంక్ట్ గోఆర్‌కి గంటన్నర ప్రాంతం. అదే దూరం ఎదురెక్కితే రెండింతలకి దగ్గర పడుతుంది. ఏటి మీద ఎక్కువసేపు ఉండాలంటే ఎదురెక్కండి. మామ్మలాంటివాళ్ళుంటే దిగువకి వెళ్ళి, మిగిలిన సమయం ఊళ్ళో గడపండి. రెండు వైపులా పడవలో వెళ్ళాలని పట్టు పట్టకండి. రెండు ఒడ్డులనీ రైలు ఉంది. ఎడమ ఒడ్డున బింగెన్, బాఖరాఖ్, సాంక్ట్ గోఆర్. కుడి ఒడ్డున రూడెస్‌హైమ్, కౌబ్, సాంక్ట్ గోఆర్స్‌హౌజెన్. పడవలో వెళ్ళి, పంటు దాటి, అవతలి ఒడ్డు రైల్లో తిరిగి రావచ్చు. ఒకే ఏటిని మూడు రకాలుగా చూసినట్టవుతుంది. చిన్న స్టేషన్లలో మెట్లుంటాయి, అది మాత్రం ముందే చూసుకోండి.

కూర్చోవడం పై అంతస్తులోనే. కోటలు రెండు వైపులా ఉన్నాయి కాబట్టి కుడా ఎడమా అని కొట్లాడుకోనక్కర్లేదు. మే నెలైనా గాలి చలిగా ఉంటుంది, శాలువా, చెవులకి గుడ్డ ఉండాలి. తిండి మీరే తీసుకెళ్ళి, బాఖరాఖ్‌లాంటి ఊళ్ళో దిగినప్పుడు ఒడ్డున బెంచీ మీద తినండి. మేము పులిహోర పట్టుకెళ్ళాం. ఏటి మీద ఉన్నప్పుడు మాత్రం భోజనాల బల్ల దగ్గరకి పోకండి. డెక్కు మీద ఫోన్లో సినిమా పాటలు పెట్టకండి, పక్కన వేరేవాళ్ళు కూడా టికెట్టు కొనుక్కునే కూర్చున్నారు.

వెళ్ళే వారం ముందు నీటి సంగతి చూసుకోండి. వరదకే కాదు, ఎండాకాలం చివర నీళ్ళు తగ్గినా సర్వీసులు మారుతాయి. 2018 అక్టోబరులో కౌబ్ దగ్గర కొలబద్ద 25 సెంటీమీటర్లకి పడిపోయింది. కొలబద్ద అంకె అంటే ఏటి లోతు కాదు, ఓడ దారి దానికంటే లోతు ఉంటుంది, అయినా సరుకు ఓడలు సగం బరువుతో కూడా నడవలేక ఇబ్బంది పడ్డాయి. కాబట్టి ఏటికి పెట్టుకున్న రోజు పక్కన ఒక ఖాళీ రోజు ఉంచుకోండి.

దీనికి ఖర్చెక్కువ అంటారేమో. రెండు దేశాలు చూసిన మా ఖర్చు ఏడు దేశాలు చూసినప్పటికంటే తక్కువే అయింది. పెట్టుకోవలసింది ఎక్కువగా ఓపిక. రెండు సాయంత్రాలు కూర్చుని పడవ వేళలు, రైలు వేళలు రాసుకోవాలి. మన పెద్దవాళ్ళు పెళ్ళికి పంటు వేళలు చూసుకుని ముహూర్తం పెట్టించుకున్నారు, మనం ఈ మాత్రం చేయలేమా?

బళ్ళారి వాళ్ళకి తుంగభద్ర ఉంది, బరంపురం వాళ్ళకి దగ్గర్లో ఋషికుల్య ఉంది, నాందేడ్ వాళ్ళది మా గోదావరే, ఎగువన. ఊరు వదిలి ఎంత దూరం వచ్చినా ఇంట్లో ఎవరో ఒకరికి ఆ నీళ్ళ జ్ఞాపకం ఉండే ఉంటుంది. టూరు కాగితం మీద సంతకం పెట్టేముందు ఆ మనిషి దగ్గర కూర్చుని, ఏం చూడాలనుంది అని అడగండి. మేము తాతగారిని అడగలేదు. అడిగి ఉంటే ఆయన కుకూ గడియారం అనేవారు కాదు.

ఈ వేసవిలో వెళ్ళేవాళ్ళు ఎవరైనా పైన రాసినట్టు ఒక రోజు పెట్టుకుంటే, సాంక్ట్ గోఆర్ పంటు మీద ఎక్కించిన మీ పెద్దవాళ్ళ ఫోటో ఒకటి మాకు పంపండి. మామ్మకి చూపిస్తాం.